తాళ్లగుమ్మిలో గుంతల్లేవు

మా తాళ్లగుమ్మికి కొత్తగా వచ్చినవాళ్లకి దారి చెప్పడం చాలా తేలిక. బస్టాండులో దిగి ఎవర్ని అడిగినా, "ఇలా తిన్నగా ఎల్తే గుంత వత్తాదండి. గుంతకి ఇటేపు మునిసిపలాఫీసు, అటేపు కళ్లద్దాల కొట్టు" అంటారు. ఆ కళ్లద్దాల కొట్టు నాది. పేరు దివ్యదృష్టి ఆప్టికల్స్. పెద్దక్షరాలతో బోర్డు రాయించాను గానీ ఆ పేరు నాకూ బోర్డు రాసినవాడికీ తప్ప ఎవరికీ తెలియదు. గుంత దగ్గర లింగమూర్తి అంటే మాత్రం చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ తెలుసు.

అది చిన్నాచితకా గుంత కాదు. మంచినీళ్ల పైపుల కోసం ఎప్పుడో తవ్వారు. పైపులు రాలేదు, తవ్వినవాళ్లూ మళ్లీ రాలేదు. తర్వాత వానలూ లారీలూ కలిసి దాన్ని పెంచి పెద్ద చేశాయి. ఎండాకాలం అందులో మేకలు నీడకి పడుకుంటాయి, వానాకాలం బాతులు ఈదుతాయి. ఊళ్లో ఎవరు కొత్త బండి కొన్నా అమ్మవారి గుళ్లో పూజ చేయించి, అట్నుంచి అటే వచ్చి గుంత అంచున కూడా ఒక కొబ్బరికాయ కొడతారు. పెళ్లి ఊరేగింపులో బ్యాండువాళ్లు గుంత దగ్గరికి రాగానే పాట ఆపేసి, ఒకరి వెనక ఒకరు అంచు మీద నడిచి, అవతలికి చేరాక ఆపిన చోటునుంచే మళ్లీ అందుకుంటారు. ఆ అందుకోవడం చూడ్డానికే కొందరు పెళ్లికి వస్తారు.

మా మునిసిపల్ కమిషనర్ పరంజ్యోతి గారు జిల్లా కేంద్రంలో కాపురం ఉండి రోజూ జీపులో వస్తారు. దారిపొడుగునా నిద్రపోతారు. జీపు చక్రం గుంత అంచులోకి దిగి లేచేటప్పుడు పెద్ద కుదుపు వస్తుంది. ఆ కుదుపుకి ఆయన మేలుకుంటారు. కళ్లు తెరిచేసరికి ఎదురుగా ఆఫీసు గేటు. ఆఫీసు వచ్చిందని ఆయనకి తెలిసేదే ఆ కుదుపు వల్ల. అది ఎందుకు వస్తోందని మాత్రం ఆయన ఏనాడూ ఎవర్నీ అడగలేదు.

ఇక మా బావమరిది నూకరాజు. మా ఆవిడ కనకరత్నానికి ఒక్కగానొక్క తమ్ముడు, కాన్వెంటు బస్సు డ్రైవరు. మనిషి మంచివాడే గానీ నోటికి బ్రేకుల్లేవు. ఉన్న బ్రేకులన్నీ బస్సుకే. గుంత దగ్గరికి రాగానే బస్సు ఎడమ చక్రాన్ని నా కొట్టు ముందున్న కాలువ పలకల మీదికి ఎక్కించి, "ఒరగండర్రా!" అని ఒక కేక వేస్తాడు. లోపలున్న పిల్లలంతా ఒక్కసారి ఎడమ పక్కకి ఒరుగుతారు. ఆ బరువుకి బస్సు గుంతలోకి జారకుండా అంచు వెంట పాకుతుంది. గట్టెక్కాక పిల్లలు "హో" అని అరుస్తారు. మా ఊరి పిల్లలు ఎక్కాలకంటే ముందు ఒరగడం నేర్చుకుంటారు.

మొన్న శ్రావణంలో వారం రోజులు ముసురు పట్టి గుంత అంచు విరిగి పడింది. ఆ రోజు పిల్లలు ఎంత ఒరిగినా బస్సు కుడివైపుకి వాలిపోయింది. నేను కొట్టులోంచి చూస్తూనే ఉన్నాను. లోపల పిల్లలు కేకలు వేయలేదు, అది చూసి నాకు ఇంకా భయమేసింది. ఎలాగో గట్టెక్కించి, బస్సు ఆపి, నూకరాజు నా కొట్టు మెట్ల మీద కూర్చున్నాడు.

"బావా, ఇంక నా వల్ల కాదు. నలబైమంది పిల్లలు. సోమవారం ఎల్లి కమిషనర్ని అడుగుతాను. నువ్వు కూడా రా."

"నేనెందుకురా?"

"నా నోరు నీకు తెల్సు గదా. నేను ఏదైనా అనేత్తే నువ్వు సద్దుకొద్దువుగాని."

సోమవారం అర్జీల రోజు. పరంజ్యోతి గారు గదిలో కూలరు ముందు కూర్చుని ఉన్నారు. పక్కన మునిసిపల్ ఇంజనీరు భద్రాచలం గారు నిలబడి ఉన్నారు. ఆయన కమిషనర్ గారి ప్రతి మాటకీ ముందే తల ఊపి, తర్వాత మాట వింటారు. నూకరాజు చెప్పిందంతా విని కమిషనర్ గారు చిరునవ్వు నవ్వారు.

"ఈ పురపాలక పరిధిలో గుంతల సంఖ్య గత మాసాంతమునకు శూన్యముగా నిర్ధారింపబడి, ప్రభుత్వమునకు నివేదింపబడి, పై అధికారులచే ప్రశంసింపబడియున్నది. ప్రశంసింపబడిన పిమ్మట గుంత ఎట్లు ఏర్పడును?"

"పెశంసకి ముందునించీ ఉందండి అది. ఇప్పుడు ఇంకాస్త పెద్దదైంది. ఆ కిటికీలోంచి చూడండి, కనపడతాది."

కమిషనర్ గారు కిటికీ వైపు చూశారు. ఎండ పడుతోందని ఆ కిటికీకి పట్టణ రహదారుల పటం బిగించారు. ఆయన లేచి వెళ్లి, బస్టాండు నుంచి ఆఫీసు దాకా పటం మీద వేలు పెట్టి నెమ్మదిగా జరిపారు. వేలికి ఏమీ తగల్లేదు.

"ఇంజనీరు గారూ, మీరును పరిశీలింపుడు."

భద్రాచలం గారు కూడా వేలు పెట్టి జరిపారు. "చదునుగానే ఉందండయ్యా. నున్నగా ఉంది."

"పటం తీసి చూడండయ్యా!" అన్నాడు నూకరాజు.

"పటము తీసినచో దేనిని చూచెదము?" అన్నారు కమిషనర్ గారు.

ఆయన వచ్చి కుర్చీలో కూర్చున్నారు. ఎద్దు ఈనిందంటే గాటన కట్టేయమనే రకం కాదాయన. ఈనిన ఎద్దుకి పాలెన్ని అని లెక్క రాయించే రకం. "గుంత రహదారిలో లేదు. కాని ఇతనికి కనిపించుచున్నది. రహదారిలో లేనిది కనిపించుచున్నచో అది ఎచట ఉండవలెను? చూపులో ఉండవలెను. లోపము రహదారిది కాదు, దృష్టిది." అని, నా వైపు తిరిగి, "తమరు ఎవరు?" అన్నారు.

చెప్పాను. కళ్లద్దాల కొట్టు అనగానే ఆయన ముఖం వెలిగిపోయింది. అక్కడికక్కడే నన్ను పురపాలక నేత్ర నిపుణుణ్ణి చేశారు. నేను అద్దాలు అమ్మేవాణ్ణే గానీ డాక్టర్ని కాదని చెప్పబోయాను. డాక్టరైతే కంటి లోపల చూస్తాడనీ, మనకి కావలసింది కంటి బయటి సంగతి గనుక నేనే సరైనవాణ్ణనీ ఆయన అన్నారు. వద్దనడానికి నాకు నోరు రాలేదు. ఎదురుగా ఆఫీసు, రోజూ మొహమొహాలు చూసుకోవాలి. పైగా ఊరంతటికీ కంటి పరీక్షలంటే కొట్టుకి మంచిదే కదా అని ఒక మూల అనిపించింది కూడా.

మొదటి పరీక్ష నూకరాజుకే. మా కొట్టు చార్టు తెచ్చి గోడకి తగిలించాను. వాడు పైనుంచి చివరి వరస దాకా చదివి, అడుగున ఉన్న ప్రెస్సు పేరు కూడా చదివాడు. "కళ్లు బంగారంలా ఉన్నాయండి" అన్నాను.

కమిషనర్ గారు పెదవి విరిచారు. "ఉన్నదానిని చూడగలుగుట మాత్రమే దృష్టి కాదు, నిపుణుడు గారూ. లేనిదానిని చూడకుండుట కూడ దృష్టిలో అంతర్భాగమే. మీ పరీక్షలో ఆ రెండవ భాగము లోపించినది."

అలా కొత్త పరీక్ష పుట్టింది. ఆఫీసు వరండాలో మనిషిని నిలబెట్టి, ఎదురుగా వేలు చూపించి, అక్కడ ఏముందని అడగాలి. రోడ్డు అంటే చూపు బాగున్నట్టు. గుంత అంటే దోషం ఉన్నట్టు. దోషానికి కమిషనర్ గారే గర్తాభాస దృష్టి లోపం, అంటే లేని గుంత ఉన్నట్టు కనిపించే జబ్బు, అని పేరు పెట్టారు. నూకరాజు వరండాలో నిలబడి, గుంతతో పాటు దాన్ని తవ్వినవాణ్ణీ, తవ్వించినవాణ్ణీ కూడా వర్ణించాడు. వాడిది ముదిరిన దోషమని రాశారు. కింద సంతకం నాది.

ఊళ్లో శిబిరం పెట్టారు. షామియానా, మైకు, మజ్జిగ. ప్రభుత్వం దయగలది కనుక దోషం ఉన్నవాళ్లకి నెలనెలా పింఛను ఇస్తామన్నారు. ఆ మాట మైకులో వినపడిన గంటకి షామియానా కిందకి ఊరంతా వచ్చేసింది. అందరికీ గుంత కనిపించింది. ఒకాయనకి రెండు కనిపించాయి. ఆయన వెనకున్నాయనకి మూడు కనిపించాయి, మూడోదాంట్లో ఏనుగు కూడా ఉందన్నాడు. గుంత ఒడ్డున టీ కొట్టు నడిపే చంటమ్మ, "నాకు కళ్లు మూసుకున్నా గుంతే కనపడతందండి, దానికేవన్నా ఎక్కువిత్తారా?" అని అడిగింది. చూపు బాగున్నవాళ్లు ఆఫీసు సిబ్బంది తప్ప ఊళ్లో ఒక్కరూ మిగల్లేదు.

ఒక్కడు మిగిలాడు. అగరొత్తులు అమ్ముకునే సాంబయ్యకి పుట్టుకతోనే చూపు లేదు. కర్రతో తడుముకుంటూ వరండా ఎక్కి, "గుంత ఉందండయ్యా. రోజూ కర్ర తగులుతుంది" అన్నాడు.

"తగులుట వేరు, కనిపించుట వేరు. కనిపించుచున్నదా?"

"నాకేం కనపడుద్దండి?"

"గుంత కనిపించుట లేదు!" అన్నారు కమిషనర్ గారు సంతోషంగా. సాంబయ్యకి సంపూర్ణ దృష్టి ధ్రువపత్రం ఇచ్చి, శాలువా కప్పి, ఫొటో తీయించారు. అప్పటిదాకా వాడికి వస్తున్న అంధుల పింఛను, చూపు వచ్చింది గనుక, ఆ నెల నుంచే ఆపేశారు.

వారం తిరిగేసరికి పైనుంచి ఫోను వచ్చింది. రాష్ట్రం మొత్తం మీద దృష్టి లోపం ఉన్నవాళ్లు తాళ్లగుమ్మిలోనే ఎందుకు ఎక్కువగా ఉన్నారని అడిగారు. పరంజ్యోతి గారికి ఆ రోజు జీపు కుదుపు లేకుండానే మెలకువ వచ్చింది. మర్నాడే కొత్త ఆజ్ఞ. పింఛను రద్దు. దోషం ఉన్నవాళ్లు బండి నడపరాదు, రోడ్డు పక్కన వ్యాపారం చేయరాదు, దోషం నయమైనట్టు ధ్రువపత్రం తెచ్చుకునేదాకా ఆఫీసులో ఏ పనీ జరగదు.

నయం కావడం ఒక్క పూటలో అయిపోయింది. శిబిరంలో ఏనుగుని చూసినాయన సాయంత్రానికల్లా వచ్చి, నున్నటి రోడ్డు తప్ప ఏమీ కనిపించడం లేదని చేతులు జోడించాడు. చంటమ్మ 'గుంత టీ స్టాల్' అన్న బోర్డు చెరిపించి 'చదును టీ స్టాల్' అని రాయించింది. కొబ్బరికాయలు ఆగిపోయాయి. గుంత ఉన్నట్టుగా ప్రవర్తించడం నేరమని మైకులో చాటారు. లేని గుంతని తప్పించుకుంటూ బండి పక్కకి తిప్పితే పోలీసులు పట్టుకుంటారు. దాంతో బండ్లవాళ్లు ఆఫీసు కంటికి ఆనే దూరంలోనే ఇంజను చెడిపోయినట్టు దిగి, పక్క సందుల్లోంచి తోసుకుపోవడం మొదలుపెట్టారు. ఒక పెళ్లిలో బ్యాండువాళ్లు పాట ఆపకుండా తిన్నగా నడిచారు. ముందున్న సన్నాయి ఆయన గుంతలోకి దిగిపోయాడు. కింద నుంచి కూడా వాయిస్తూనే ఉన్నాడట. సన్నాయి బాగుందని పెళ్లివారు మెచ్చుకున్నారు, ఎక్కడినుంచి వస్తోందని ఒక్కరూ అడగలేదు.

నయం కానిది నూకరాజు ఒక్కడికే. వాడి లైసెన్సు లాక్కున్నారు. కాన్వెంటువాళ్లు వేరే డ్రైవరు కోసం వెతికారు. ధ్రువపత్రాలు ఉన్న డ్రైవర్లు ఊరినిండా ఉన్నారు గానీ, ధ్రువపత్రం ఉన్నవాడు తిన్నగా పోవాలి కదా, అందుకని ఒక్కడూ ఆ బస్సు ఎక్కలేదు. ఆఖరికి కమిషనర్ గారు, సంపూర్ణ దృష్టి కలవాడు ఉన్నాడు కదా అని సాంబయ్యకి కబురు పెట్టారు.

"నాకు కళ్లు మాత్తరవే లేవండయ్యా" అని చెప్పి సాంబయ్య కర్ర తిప్పుకుంటూ వెళ్లిపోయాడు. ఆ మాట ఏమిటో ఆఫీసులో ఎవరికీ అర్థం కాలేదు.

బస్సు షెడ్డులో పడింది. పిల్లలు సంచులు మోసుకుంటూ, విరిగిన అంచు మీద ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నడిచి వెళ్తున్నారు. నూకరాజు రెండు పూటలా వచ్చి నా కొట్టు మెట్ల మీద నిలబడి, చివరి పిల్ల దాటేదాకా చూసి వెళ్తున్నాడు. నాతో మాట్లాడ్డం మానేశాడు.

మా ఇంట్లో కనకరత్నం కూడా మాట్లాడ్డం మానేస్తే బాగుండేది.

"మా తమ్ముడికి గుడ్డితనం అని రాసింది ఎవరండీ?"

"రాసింది ఆఫీసువాళ్లే. నేను సంతకం..."

"వాడి కళ్లు పీకి వాళ్ల చేతిలో పెట్టారు. మీకు గుంత కనపడతందా లేదా? అది చెప్పండి ముందు."

"కనపడుతుందే. కానీ కొట్టు గుంత ఎదురుగా... అంటే, ఆఫీసు ఎదురుగా..."

"అయితే కళ్లుండీ మీకేం లాభం? ఆ సాంబయ్య నయం, కర్రకి తగిలిందే చెప్పాడు." ఇలా అని అన్నం కంచం నా ముందు పెట్టింది. పెట్టిన చప్పుడుకి పక్కింటివాళ్లు తొంగి చూశారు. నాకు సిగ్గేసింది, కోపం కూడా వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం.

ఈలోగా గుంతల రహిత పట్టణం అనే బహుమతికి తాళ్లగుమ్మి పేరు పైదాకా వెళ్లింది. రాజధాని నుంచి పరిశీలకుడు వస్తున్నాడు. పరంజ్యోతి గారు అందర్నీ పిలిచి ఒక గొప్ప ఏర్పాటు చెప్పారు. కాన్వెంటు బస్సుని పూలదండలతో అలంకరించి, నిండా పిల్లల్ని ఎక్కించి, పరిశీలకుడి ఎదుట రోడ్డు మీద తిన్నగా నడిపిస్తారట. ఏ పక్కకీ తిప్పకుండా. పిల్లలు జెండాలు ఊపుతారట.

"డ్రైవరు ఎవరండయ్యా?" అన్నారు భద్రాచలం గారు.

"నూకరాజే. తిన్నగా నడిపినచో దోషము నయమైనట్లు పరిగణించి లైసెన్సు తిరిగి ఇచ్చెదము."

నూకరాజు గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ముఖం నల్లబడింది. "నా లైసెన్సు మీరే ఉంచుకోండి. పిల్లల్నేసుకుని అందులోకి పోనివ్వను. నన్ను చంపినా సరే."

"ఎందులోకి?" అన్నారు కమిషనర్ గారు గద్దించి. "నీవు కానిచో మరియొకడు నడుపును. పోలీసు వాహన డ్రైవరును పిలిపించెదను."

నూకరాజు నా వైపు చూశాడు. నెల తర్వాత వాడు నా మొహంలోకి చూడ్డం అదే మొదటిసారి. ఆ నలభైమంది ఒక్క కేకా వేయకుండా వాలిపోయిన రోజు నాకు గుర్తొచ్చింది. గుంత ఉందని చెబితే వినేవాళ్లు ఆ గదిలో లేరు. అందుకని వాళ్ల భాషలోనే మాట్లాడాను.

"అయ్యా, ఒక సాంకేతిక అభ్యంతరం ఉందండి. మైనర్లకి దృష్టి పరీక్ష జరగలేదు. ధ్రువపత్రం లేనివారు తిన్నగా వెళ్లారంటే పరిశీలకుడు చెల్లదంటాడేమో. బస్సులో ధ్రువపత్రం ఉన్నవాళ్లే ఉండాలండి."

కమిషనర్ గారు బల్ల మీద అరచేత్తో కొట్టారు. "భేష్! నియమబద్ధమైన సూచన. పరిశీలకునికి ఉదయమే పరీక్ష జరిపి పత్రమిచ్చి ఎక్కింపుడు. సిబ్బంది యావన్మందియు ఎక్కవలెను. జెండాలు మనమే ఊపెదము." తర్వాత నా వైపు తిరిగి, "తమకును పత్రము కలదు కదా?" అన్నారు.

ఉంది. నాకు నేనే రాసుకున్నాను.

ఆ రోజు ఊరంతా రోడ్డుకి రెండు వైపులా నిలబడింది. పిల్లలు చంటమ్మ టీ కొట్టు అరుగు మీద వరసగా నిలబడ్డారు. బస్సులో ముందు సీట్లో పరిశీలకుడు, పక్కన పరంజ్యోతి గారు, వెనక భద్రాచలం గారు, ఆ వెనక ఆఫీసంతా. నేను కిటికీ పక్క సీటు పట్టుకున్నాను. నూకరాజు స్టీరింగుకి దండం పెట్టి, వెనక్కి తిరిగి చివరిసారి అడిగాడు.

"తిన్నగానేనాండి?"

"తిన్నగా!" అన్నారు కమిషనర్ గారు.

"మళ్లీ నన్ననకూడదు."

బస్సు కదిలింది. వాయిద్యాలు మొదలయ్యాయి. గుంత దగ్గర పడింది. అలవాటు చొప్పున నూకరాజు గొంతు చించుకుని "ఒరగండర్రా!" అని అరిచాడు. ఒరిగితే గుంత ఉన్నట్టు ఒప్పుకున్నట్టే. ఆఫీసర్లు నిటారుగా కూర్చుని జెండాలు ఊపుతూ ఉన్నారు. బస్సులో ఒరిగినవాణ్ణి నేనొక్కణ్ణే. అరుగు మీదున్న పిల్లలు మాత్రం ఒక్కసారిగా అందరూ ఎడమ పక్కకి ఒరిగారు.

పెద్ద చప్పుడైంది. ముందు చక్రాలు గుంతలోకి దిగాయి, వెనక చక్రాలు వాటితో పాటే వచ్చాయి. మోకాళ్ల దాకా నీళ్లు. ఒక బాతు కిటికీలోంచి లోపలికి వచ్చి చూసి వెళ్లింది. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, పరంజ్యోతి గారి ఒళ్లో దండ, నెత్తి మీద నాచు. అయినా జెండా వదల్లేదు. అలవాటైన కుదుపు కంటే ఇది పెద్దది గనుక ఆయన కళ్లు ఇంకా పెద్దవిగా తెరిచి, "ఆఫీసు వచ్చినదా?" అన్నారు.

భద్రాచలం గారు అలవాటు కొద్దీ తల ఊపారు.

"బస్సు ఏల ఆగినది?"

భద్రాచలం గారు కిటికీలోంచి పైకి చూశారు. చుట్టూ మట్టిగోడ, పైన రోడ్డు అంచు, అంచు మీద జనం కాళ్లు. ఆయన చాలాసేపు చూసి, "అయ్యా, రోడ్డు పెరిగిందండి" అన్నారు.

"అర్థమగునట్లు చెప్పుడు."

"మనం చదునైన చోటే ఉన్నామండయ్యా. మన చుట్టూ ఉన్న రోడ్డే ఉండవలసిన ఎత్తు కంటే ఎక్కువగా ఉంది."

పరిశీలకుడు కూడా పైకి చూశాడు. ఆయన బూట్లు మునిగి ఉన్నాయి గానీ ఆయన చేతిలో పొద్దున ఇచ్చిన ధ్రువపత్రం ఉంది. గుంత అంటే ఆ పత్రం అబద్ధమవుతుంది. "పట్టణం అన్ని వైపులా ఉన్నతి చెందినట్లు నేను స్వయంగా గమనించాను" అని ఆయన ప్రకటించాడు. బస్సులోంచి చప్పట్లు వినిపించాయి. ఏం జరిగిందో తెలియక పైనున్న జనం కూడా కొట్టారు.

నేను నూకరాజు వైపు చూశాను. వాడు స్టీరింగు మీద తల పెట్టుకుని ఉన్నాడు. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. దగ్గరికెళ్లి చూస్తే నవ్వుతున్నాడు. నాకూ నవ్వొచ్చింది, ఇంక ఇప్పుడైనా పూడుస్తారు కదా అన్న సంతోషం కూడా వచ్చింది. అలా ఇద్దరం కలిసి నవ్వుకుని చాలా రోజులైంది.

క్రేను పిలవడానికి లేదు. గుంతలోంచి తీయడానికి క్రేను కావాలని రాయాలంటే గుంత ఉండాలి. చంటమ్మ నిచ్చెన తెచ్చి దించితే, అందరూ వెనక తలుపులోంచి ఒక్కొక్కరే బయటపడ్డారు. దాన్ని ఎక్కడం అనలేదు, బస్సు దిగడం అన్నారు. ఆ సాయంత్రమే ఆజ్ఞ వెలువడింది. తాళ్లగుమ్మి ప్రధాన రహదారిలో బస్సు నిలిచియున్న స్థలము ప్రామాణిక స్థాయిగా నిర్ణయింపబడినదనీ, తక్కిన రహదారిలో గల అదనపు ఎత్తును యుద్ధప్రాతిపదికన తొలగించవలెననీ దాని సారాంశం.

గంపెడు మట్టి పోయమని ఏళ్ల తరబడి అడిగితే రాని బండ్లు మర్నాడు తెల్లారేసరికి బారులు తీరాయి. పొక్లెయిన్లు బస్టాండు దగ్గర మొదలుపెట్టి, గుంత మీదుగా, ఊరి రెండో చివర దాకా రోడ్డుని తవ్వుకుంటూ పోయాయి. అనుకున్న గడువు కంటే ముందే పూర్తయిన మునిసిపల్ పని మా ఊళ్లో అదొక్కటే. కొట్లన్నీ ఇప్పుడు గోడ మీద గూళ్లలా పైన ఉన్నాయి. నా కొట్టుకి రావాలంటే నిచ్చెన ఎక్కాలి. కళ్లు కనపడనివాళ్లు నిచ్చెన ఎక్కలేరు, కనపడేవాళ్లకి అద్దాలు అక్కర్లేదు. బేరాలు మీరే ఊహించుకోండి.

బహుమతి వచ్చింది. పరంజ్యోతి గారికి పెద్ద ఊరికి బదిలీ కూడా అయింది. వెళ్లే రోజున జీపు కందకంలోంచి తిన్నగా, ఎక్కడా కుదుపు లేకుండా వెళ్లిందట. ఆయన నిద్ర లేవనే లేదట.

వెళ్లేముందు ఆయన మాట నిలబెట్టుకున్నారు. నూకరాజుకి లైసెన్సు తిరిగి వచ్చింది. దానితో పాటు నా సంతకంతో సంపూర్ణ దృష్టి ధ్రువపత్రం. రెండూ పట్టుకుని కందకంలోకి దిగి వాడికిచ్చాను. వాడు తన బస్సు పక్కన నిలబడి ఉన్నాడు. ఇంజనులోకి నీళ్లు పోయిన బస్సు మళ్లీ కదల్లేదు, అదెక్కడుందో అక్కడే ఉంది. ఊరే దాని దగ్గరికి దిగింది.

"బావా, ఇప్పుడిచ్చారు. దీన్నేం చేసుకోను? రోడ్డేదీ?"

నేను చేతికంటిన మట్టి దులుపుకున్నాను.

"పోనీ నిజం చెప్పు. నువ్వు కళ్లు చూసేవోడివి గదా. ఇప్పుడు మనూళ్లో గుంత ఉందా, లేదా?"

ఇటు చూశాను, అటు చూశాను. రెండు వైపులా మట్టిగోడలు, పైన సన్నగా ఆకాశం. ఇన్నాళ్లూ ఆఫీసువాళ్లు చెప్పిన మాటే నా నోట వచ్చింది. ఈసారి అది నిజం.

"లేదురా. గుంత ఉందనాలంటే పక్కన రోడ్డుండాలి."

వాడు లైసెన్సు జాగ్రత్తగా జేబులో పెట్టుకుని, కాన్వెంటు వైపున్న నిచ్చెన దగ్గరికి నడిచాడు. బడి విడిచే వేళ. పొద్దునా సాయంత్రం పిల్లల్ని ఒక్కొక్కరినే దించి, అవతల గోడకి ఎక్కించడం ఇప్పుడు వాడి పని. జీతం లేదు. బస్సు పక్కనుంచి నడిచేటప్పుడు ఒక చిన్న పిల్ల ఆగి, వాడి చొక్కా పట్టుకుని లాగింది.

"మావయ్యా, ఇప్పుడు ఏ పక్కకి ఒరగాలి?"

నూకరాజు రెండు వైపులా చూశాడు. తర్వాత ఆ పిల్లని భుజం మీద ఎక్కించుకున్నాడు.